రాజుగారి అంగీ అంచున నాలుగు వేళ్ళు

సెలీనా మాబట్ ముఖం ఎలా ఉండేదో చూపించే ఫొటో ఒక్కటీ లేదు. అలాగని ఆమె ఫొటోలు దిగలేదని కాదు. ఆ కాలంలో లండన్ నాటకశాలల్లో కిరీటం పెట్టిన ప్రతి రాజు ఫొటోలోనూ, విషం తాగిన ప్రతి రాణి ఫొటోలోనూ ఆమె ఉంది. సింహాసనం వెనక, అంగీ మడతల కింద, అట్టతో చేసిన బండరాయి చాటున, నల్ల గౌను వేసుకుని, మోకాళ్ళ మీద.

ఆమె ఉద్యోగమే అది. స్ట్రాండ్ వీధికి పక్కసందులో ఒక ఇల్లు. దాని మెట్లన్నీ ఎక్కితే చివర అద్దాల కప్పు వేసిన గది. అందులో హార్‌బాటిల్ అనే ఆయన నటీనటుల్ని వేషాలతో ఫొటోలు తీసేవాడు. అప్పటి కెమెరా కన్ను మహా మందకొడి. మబ్బు పట్టిందంటే దాని ముందు ఊపిరి బిగబట్టి నిలబడాలి, కొంచెం కదిలినా మసక. దుకాణదారులో, పాదిరీలో వస్తే తల వెనక ఇనప స్టాండు ఆనించి బిగించేవాళ్ళు. వాళ్ళు సుఖంగా శిలల్లా నిలబడి డబ్బిచ్చి పోయేవాళ్ళు. నటులతో చిక్కేమిటంటే వాళ్ళు ఊరికే నిలబడరు. కత్తి దూస్తుంటారు, ప్రియుడి మీద వాలుతుంటారు, సగం చచ్చిపోయి ఒరుగుతుంటారు. సగం చచ్చిన మనిషిని ఇనప స్టాండు ఆపలేదు. వెనక నుంచి నడుమో భుజమో పట్టుకోడానికి ఇంకో మనిషి కావాలి.

ఫొటో అబద్ధం ఆడదని ఆ రోజుల్లో పెద్దమనుషులు ఉపన్యాసాలిచ్చేవాళ్ళు. వాళ్ళలో ఒక్కడైనా హార్‌బాటిల్ మెట్లెక్కి ఉంటే ఆ మాట అనేవాడు కాడు. అక్కడ ఎర్ర ముఖమల్ నల్లగా వచ్చేది, నీలం పట్టు తెల్లగా వచ్చేది. నీలం గౌనుతో వచ్చిన ఖైదీ పిల్ల ఫొటోలో పెళ్ళికూతురై దిగేది. ఒకే గుడ్డకి ఒకవైపు మంచుకొండలు, రెండోవైపు వెనిస్ నగరం. మంచు కురవాలంటే ఉప్పు చల్లేవాళ్ళు. కింద మార్కెట్ నుంచి క్యాబేజీల వాసన, చీకటి గదిలోంచి పలకలకి పూసే ఈథర్ మందు వాసన కలిసి పైకి వస్తుంటే, ఆ మత్తులో నటులంతా నిజంగానే చావబోతున్నట్టు కళ్ళు తేలేసేవాళ్ళు. హార్‌బాటిల్ సంతోషించేవాడు. "ఇదీ నటనంటే!" అనేవాడు. సెలీనా అంగీ కింద నుంచి, "కాస్త కిటికీ తెరవండి సర్, ఈవిడ నిజంగా పడిపోతోంది," అనేది.

ముసలితనంలో కూడా ఆమె ఆ వాసన గురించే మాట్లాడేది. క్యాబేజీ, ఈథర్ కలిస్తే స్వర్గమనేది. నమ్మక్కర్లేదు గానీ, వయసు పోయాక ఎవరి స్వర్గం వాళ్ళదే.

స్టూడియోకి రాకముందు ఆమె ఒక ఊరూరా తిరిగే నాటక కంపెనీలో నటులకి వేషాలు తొడిగే మనిషి. బ్రిస్టల్‌లో ఒకరోజు స్టేజి నేలలో ఎవరో తెరిచి మరిచిపోయిన తలుపులోంచి కిందికి పడింది. కాలు విరిగి వంకరగా అతుక్కుంది. కుంటుతూ తెరల మధ్య పరిగెత్తడం ఇక కుదరదు. కంపెనీ ఆమెని బ్రిస్టల్‌లోనే వదిలేసి పోయేదే. కానీ అందులో ముసలి వేషాలు వేసే ఆంబ్రోస్ పెన్‌హాలో ఆమెని తనతో లండన్ తీసుకొచ్చి, మెట్లన్నీ ఎక్కించి, హార్‌బాటిల్ ముందు నిలబెట్టాడు. "ఈమె చేతులు చూడవయ్యా. సూదిలో దారం ఎక్కించేటప్పుడు భూకంపం వచ్చినా కదలవు," అన్నాడు. అప్పటినుంచి ఆ చేతులు చాలామందిని నిలబెట్టాయి. తీరిక వేళల్లో ఆమె చీకటి గదిలో గాజు పలకలు కడిగేది. అక్కడి వెండి మందు ఆమె వేళ్ళ కొసల్ని నల్లగా చేసేసింది. ఆ మరక సబ్బుకి పోదు, నిమ్మకాయకి పోదు. ఆదివారం చర్చికి చేతి తొడుగులతో వెళ్ళేది. పాట పుస్తకం పేజీలు తిప్పలేక, పాటలన్నీ కంఠస్థం చేసింది.

ఇక స్టూడియోకి ప్రాణం కింద వీధిలో ఉన్న గాజు కిటికీ. నటుల దగ్గర హార్‌బాటిల్ డబ్బు తీసుకునేవాడు కాదు. వేషం వేసుకొచ్చి కూర్చుంటే చాలు, ఆ బొమ్మలు అమ్ముకోవడం ఆయన వంతు. బొమ్మ కిటికీలో పై వరసలో ఉందంటే ఆ నటుడి జాతకం బాగున్నట్టు. కింది వరసకి దిగిందంటే, థియేటర్ యజమానులు వీధిలోనే చూసి తెలుసుకునేవాళ్ళు. పై వరసలో బొమ్మ ఉన్న నటులు ఆ సందులోంచి రోజూ ఏదో పని ఉన్నట్టు నడిచేవాళ్ళు. కింది వరస వాళ్ళు చుట్టూ తిరిగి పోయేవాళ్ళు.

ఆంబ్రోస్ జాతకం అరవై దాటాక తిరిగింది. ఆల్డ్రిక్ రాజు నాటకంలో, కొడుకులు వెళ్ళగొట్టిన ముసలి రాజు వేషం ఆయనకి దొరికింది. జనం విరగబడ్డారు. థియేటర్ యజమాని రడ్జ్ శీతాకాలమంతా ఆ నాటకమే ఆడిద్దామనుకున్నాడు. కానీ ఒప్పందం మీద సంతకం పెట్టడానికి ముందు ఒక మెలిక పెట్టాడు. "ఫొటో తీయించుకో. కుడిచేత్తో కత్తి పిడి పట్టుకుని, నిటారుగా. పోస్టర్‌కి అదే వాడతాను."

అక్టోబర్‌లో ఒక మబ్బు ఉదయం ఆంబ్రోస్ వచ్చాడు. సెలీనా తొట్టెలో నీళ్ళు, సబ్బు సిద్ధం చేసి ఉంచింది.

"ఏం పిల్లా, ఇవాళ నన్ను ఎన్నిసార్లు బతికిస్తావు?" ఆమెకి నలభై దాటినా ఆయనకి పిల్లే.

"మీరు సరిగ్గా చస్తే ఒక్కసారి చాలు మిస్టర్ పెన్. ముందు ఆ బుగ్గల రంగు కడగనివ్వండి. ఎరుపంటే మా కెమెరాకి నలుపు. ఇలాగే కూర్చుంటే రాజుగారు బొగ్గు గనిలోంచి పైకొచ్చినట్టుంటారు."

"మంచిదే. ఈ రాజుకి దేశంలో మిగిలింది ఆ గని ఒక్కటే."

ముఖం కడిగి, గడ్డం అతికించి, ఆమె టీ ఇచ్చింది. ఆయన కప్పు ఎడమ చేత్తో అందుకున్నాడు. సాసర్ కుడి చేతిలో ఉంది. అది గలగలమని మోగింది. ఆయన గబుక్కున బల్ల మీద పెట్టేశాడు. సెలీనా ఆ చేతి వంకే చూస్తూ ఉండిపోయింది. బయట బరువు బండి పోతుంటే కిటికీ అద్దం అదురుతుందే, అలా ఉంది ఆ చెయ్యి. బండి మాత్రం ఏమీ పోవడం లేదు.

"ఎన్నాళ్ళ నుంచి?" అంది మెల్లగా.

"ఈస్టర్ నుంచి. స్టేజి మీద ఫర్వాలేదు సెలీనా. ముసలి రాజు కదా, వణికితే చప్పట్లు కొడుతున్నారు. నిన్న ఒక పత్రికలో రాశారు కూడా, ఆ వణుకు ఒక్కటే చాలట, మహానటుడినట."

"మిస్టర్ రడ్జ్‌కి తెలుసా?"

"అనుమానం. అందుకే ఈ కత్తి గొడవ. వణికితే మసకొస్తుంది. మసకొస్తే వాడికి జవాబు దొరికినట్టే. నా వేషం కోసం కంపెనీలో ఒక స్కాట్‌లాండ్ కుర్రాడు అప్పుడే గడ్డం అతికించుకుని ఎదురుచూస్తున్నాడు." ఆయన నవ్వబోయాడు, నవ్వు రాలేదు. "దీని తర్వాత నాకు ఇంకేమీ లేదు. ఏ ఊళ్ళోనో చెల్లెలింటి వెనక గదిలో కూర్చోవడమే. ఆవిడ ఉడకబెట్టిన మటన్ తింటూ."

"మీ చెల్లెలి మటన్ తిన్నాను నేను. లేవండి," అంది సెలీనా.

ఎర్ర ముఖమల్ అంగీ నేల మీద పారాడేంత పొడుగు. రాజుగారి అంగీ కాబట్టి అంచంతా తెల్ల బొచ్చు, అందులో మధ్య మధ్య నల్ల తోకలు. అసలైన బొచ్చు కాదు, కుందేలుది. తోకలు సెలీనాయే కుట్టింది. ఆ అంగీ వెనక ఆమె మోకాళ్ళ మీద కూర్చుంది. అంగీ చీలికలోంచి రెండు చేతులూ పైకి పోనిచ్చి, ఒకదానితో ఆయన మోచెయ్యి, ఇంకోదానితో మణికట్టు పట్టుకుంది. ఆయన వణుకు ఆమె ఎముకల్లోకి దిగింది. ఆమె దాన్ని దిగనిచ్చింది, తన భుజాల్లోకి, నడుములోకి, వంకర కాల్లోకి.

"రాజా! కదలొద్దు! కోపంగా! కొడుకుల మీద కోపంగా!" అని హార్‌బాటిల్ కెమెరా కంటి మూత తీశాడు.

మబ్బు తొలగలేదు. హార్‌బాటిల్ క్షణాలు లెక్క పెడుతూనే ఉన్నాడు. ముఖమల్ కింద చీకట్లో, పాత చెమట వాసనలో, సెలీనాకి బ్రిస్టల్ గుర్తొచ్చింది. తెరల వెనక నిలబడి ఆంబ్రోస్ మాటలు పెదాలతో తను కూడా పలికే రోజులు. ఆమెకి మిగిలిన నాటకశాల ఈ అంగీ కిందే. ఆ సంగతి ఆమె ఎవరికీ చెప్పలేదు, చెప్పడానికేముంది? మూత పడింది.

గాజు పలక మందులోంచి బయటికొచ్చినప్పుడు హార్‌బాటిల్ ఈల వేశాడు. చెక్కినట్టు వచ్చింది బొమ్మ. కత్తి పిడి మీద వేలి ముడతలు కూడా లెక్క పెట్టుకోవచ్చు. రడ్జ్ ఆ మధ్యాహ్నమే చూసి, "సరే, సోమవారం సంతకం పెడదాం," అన్నాడు. పలక మీద మచ్చలు సరిదిద్దే ఆవిడ ఒకసారి కళ్ళద్దాలు పైకి తోసి చూసి, అంచు శుభ్రంగా ఉందని వదిలేసింది. బొమ్మ కిటికీ పై వరస మధ్యలోకి ఎక్కింది.

రెండో రోజుకి వీధిలో గుంపు చేరింది.

జరిగిందేమిటంటే, అంగీ అంచున బొచ్చు మధ్యలో నాలుగు వేళ్ళున్నాయి. తెల్ల వేళ్ళు, నల్ల కొసలు. తెల్ల బొచ్చు, నల్ల తోకలు. స్టూడియోలో బొచ్చుని రోజూ చూసే కళ్ళు దాన్ని బొచ్చనే అనుకున్నాయి. వీధిలో బొచ్చు ఎప్పుడూ ఎరగని జనం దాన్ని చెయ్యి అనుకున్నారు. ఈసారి వీధిదే నిజం.

నిజం మాత్రం అక్కడితో ఆగలేదు. నల్ల ముసుగు వేసుకున్న ఒక పెద్దావిడ కిటికీ ముందు మూర్ఛపోబోయి, పోకుండా ఆగి, "అది మిసెస్ పెన్‌హాలో చెయ్యి! చనిపోయిన చెయ్యి! వేళ్ళ కొసలు చూడండి, సమాధి నలుపు!" అంది. ఆ ఏళ్ళలో లండన్‌లో సగం ఊరు బల్లల చుట్టూ చేతులు కలిపి కూర్చుని చచ్చినవాళ్ళతో మాట్లాడేది. చచ్చినవాళ్ళు కూడా తీరిగ్గా వచ్చి, పాపం, పోయిన గొడుగులు ఎక్కడున్నాయో చెప్పేవాళ్ళు. ఆ ఊరికి ఇంకేం కావాలి? భర్త ఆఖరి ఘనవిజయంలో చెయ్యి పట్టుకోడానికి భార్య తిరిగొచ్చిందని ఒక ఆత్మల పత్రిక రాసింది. హార్‌బాటిల్ బొమ్మలు అచ్చు వెయ్యలేక చచ్చాడు.

ఆంబ్రోస్ మెట్లెక్కి వచ్చి కుర్చీలో కూలబడి నవ్వాడు. "మా ఆవిడా! బతికున్నప్పుడు నా చెయ్యి పట్టుకున్నది ఒక్కసారే, జేబులోంచి బయటికి లాగడానికి. పోయాక పట్టుకుంటుందా!"

సెలీనా నవ్వలేదు. తన చేతుల్ని ఆప్రాన్ కింద దాచుకుని, "మిస్టర్ రడ్జ్ ఇలాంటివి నమ్మే మనిషేనా?" అంది.

కాదు. రడ్జ్ కుర్రతనంలో థియేటర్‌లో దయ్యాల్ని అద్దాలతో రప్పించే పని చేసినవాడు. దయ్యం అంటే వాడికి అద్దానికి కట్టే అద్దె లెక్క. శనివారం పొద్దున్నే భూతద్దం జేబులో వేసుకుని పైకొచ్చాడు. ఆంబ్రోస్‌ని కూడా వెంట తెచ్చాడు.

బొమ్మ మీద భూతద్దం పెట్టి, "హార్‌బాటిల్, ఇది ఫొటోలు తీసేవాళ్ళ మరక. నీ వేళ్ళకీ ఉంది," అన్నాడు.

హార్‌బాటిల్ తన వేళ్ళు మడిచేసుకున్నాడు.

"ఎవరిదో ఒకరిది. దానితో నాకు పని లేదు. నన్ను ఒక్కటే తొలుస్తోంది." రడ్జ్ ఆంబ్రోస్ వైపు తిరిగాడు. "కత్తి పిడి పట్టుకుని నిలబడిన మనిషిని వెనకనుంచి ఇంకొకళ్ళు ఎందుకు పట్టుకోవాలి పెన్‌హాలో? నువ్వు ఆ ఫొటోలో పడటం లేదు, చావటం లేదు. ఉత్తినే నిలబడ్డావు."

ఆంబ్రోస్ కుడి చెయ్యి కోటు జేబులో ఉంది. అక్కడే ఉంచాడు. 

"ఆ చెయ్యి నాది సర్," అంది సెలీనా.

ముగ్గురూ తిరిగి చూశారు.

"నేను అంగీ సర్దడానికి వెనక కూర్చున్నాను. నా కాలు సంగతి ఇక్కడ అందరికీ తెలుసు. మధ్యలో పట్టు తప్పింది. పడబోతూ ఆయన్ని పట్టుకున్నాను. ఆయన్ని నేను నిలబెట్టలేదు సర్, ఆయనే నన్ను నిలబెట్టారు."

రడ్జ్ ఆమెని కిందనుంచి పైకి చూశాడు. "కాలు తడబడితే చెయ్యి అంత స్పష్టంగా వస్తుందా?"

"చెయ్యి కూడా ఈమధ్య సరిగా లేదు సర్, వణుకుతోంది. ఆయన్ని పట్టుకున్నాకే నిలిచింది. చెబితే పని పోతుందని చెప్పలేదు."

"ఏదీ, చాపు."

 సెలీనా ఆప్రాన్ కిందనుంచి రెండు చేతులూ తీసి ముందుకి చాపింది. నల్ల కొసల వేళ్ళు గాల్లో నిలబడ్డాయి. ఒక క్షణం అవి నిశ్చలంగా ఉన్నాయి, ఎందుకంటే వాటికి ఇంకోలా ఉండటం తెలియదు.

తర్వాత కుడి చెయ్యి కదిలింది. బొటనవేలు ముందు, చూపుడువేలి మీద ఏదో గింజని నలుపుతున్నట్టు. ఆ వెనకే మణికట్టు. ఆగి, మళ్ళీ. అది ఎవరో ముసలివాళ్ళని చూసి చేసే వణుకు కాదు. స్టేజి మీద చౌకగా దొరికే వణుకు కాదు. ఆ అక్టోబర్ ఉదయం ఆమె ఎముకల్లోకి దిగిన వణుకు అది, దిగినట్టే బయటికొచ్చింది. ఆంబ్రోస్ కళ్ళార్పకుండా చూస్తున్నాడు. తన వణుకుని ఇంకొకళ్ళ చేతి చివర చూడటం ఏ నటుడికీ రాని అనుభవం. ఆయన జేబులోని చెయ్యి కూడా అదే తాళంలో ఆడుతోంది. అది ఎవరికీ కనబడలేదు. అందరూ ఆమె చేతినే చూస్తున్నారు.

రడ్జ్ భూతద్దం మడిచాడు. నమ్మాడో లేదో చెప్పడం కష్టం. ముప్పై ఏళ్ళు నాటకాల మీద బతికినవాడు మంచి నటన చూస్తే పోల్చడా? పోల్చి, దానికి చెల్లించవలసింది చెల్లించాడనే కొందరంటారు. వాడన్నది ఇంతే: "సంతకం సోమవారం. ఆ దయ్యాన్ని మాత్రం దయ్యంగానే ఉండనివ్వండి, టిక్కెట్లు బాగా తెగుతున్నాయి." మెట్ల దగ్గర ఆగి, "మిస్ మాబట్, మీరు స్టేజి ఎక్కి ఉండవలసింది," అన్నాడు.

"ఎక్కాను సర్. కింద పడ్డాను," అంది సెలీనా.

 అతను దిగిపోయాక హార్‌బాటిల్ ఆమె దగ్గరికి వచ్చాడు. "మాబట్, నీ చెయ్యి నిజంగా..."

"రడ్జ్‌గారికి చూపించాక ఇంక నిజమే కదా సర్."

అదే జరిగింది. చెయ్యి వణికే మనిషి స్టూడియోలో నటుల్ని పట్టుకుంటోందని ఊళ్ళో తెలిస్తే ఎవరు వచ్చి నిలబడతారు? రడ్జ్ నోరు మంచిది కాదు. మరుసటి వారం అంగీల వెనకకి వేరే అమ్మాయి వచ్చింది. సెలీనాని కింద నేలమాళిగలో బొమ్మలు అట్టలకి అతికించే బల్ల దగ్గర కూర్చోబెట్టారు. ఇక్కడ త్యాగం అనే మాట రాయాలని చాలామందికి చెయ్యి దురద పెడుతుంది. ఆ మాట సెలీనా చెవిన పడితే జిగురు కుంచె విసిరి కొట్టేది. ఆమెకి కోపం ఉండేది, చాలాకాలం ఉండేది, మెట్ల మీద నటుల అడుగులు పైకి వినబడ్డప్పుడల్లా. ఆంబ్రోస్ మీద కాదు, ఆ వణుకు మీద. తన సొంత దయ్యపు చేతిని వందలకొద్దీ అట్టలకి అతికిస్తూ, "మిసెస్ పెన్‌హాలో, కాస్త కుడివైపు జరగండి," అని గొణిగేది.

ఆంబ్రోస్ రెండు శీతాకాలాలు ఆల్డ్రిక్ రాజుగా వణికాడు. మాటినీ ఉన్న రోజుల్లో వేడి వేడి ఈల్ పై, అంటే పాములాంటి ఈల్ చేప కూరిన రొట్టె, కాగితంలో చుట్టి తెచ్చి, నేలమాళిగలో ఆమె బల్ల మీద పెట్టేవాడు. ఇద్దరూ తిని, నిన్న రాత్రి ఎవరు ఏ మాట మర్చిపోయారో చెప్పుకునేవాళ్ళు. పెళ్ళి సంగతేమిటని ఎవరైనా అడిగితే, ఆ ఆలోచన వాళ్ళిద్దరికీ వచ్చినట్టు దాఖలా లేదు. ఈల్ పై బాగుండేది.

మూడో శీతాకాలం మాటలు కూడా వణకడం మొదలైంది. చెల్లెలింటికి వెళ్ళిపోయే ముందు, స్టేజి వదిలే నటుడికి ఆఖరి బొమ్మ తీసే ఆచారం ప్రకారం హార్‌బాటిల్ పిలిచాడు. ఆంబ్రోస్ మామూలు కోటుతో వచ్చాడు. "వేషం వద్దు. సెలీనాని పిలువు. వెనక కాదు, నా పక్కన."

ఆమె ఆదివారం టోపీ పెట్టుకుని, తొడుగులు విప్పి పక్కన కూర్చుంది. ఆయన వణికే చెయ్యి తన మోకాలి మీదికి తీసుకుని దాని మీద తన చెయ్యి పెట్టింది. అప్పటిదాకా ఎంతోమందిని కదలకుండా పట్టుకున్న మనిషి ఆమె. హార్‌బాటిల్ మూత తీశాడు. లెక్క సగంలో ఉండగా, కెమెరా ముందు కూర్చోవడం ఎన్నడూ ఎరగని సెలీనా, తమ వెనక పట్టుకోడానికి ఎవరైనా ఉన్నారేమోనని తిరిగి చూసింది.

"పాడైపోయింది! మళ్ళీ తీద్దాం," అన్నాడు హార్‌బాటిల్.

"అక్కర్లేదు," అన్నాడు ఆంబ్రోస్.

చాలా ఏళ్ళ తర్వాత, చేతిలో ఇమిడే కెమెరాలు వచ్చి, పరిగెత్తేవాళ్ళని కూడా పరిగెత్తుతుండగానే పట్టేస్తున్న కాలంలో, ఆమె మేనకోడలు గోడ మీద ఆ బొమ్మ చూసి, "ఇదేంటి అత్తయ్యా, నీ ముఖం పొగలా ఉంది?" అంది.

"ముఖాన్నెవరు చూడమన్నారు?" అంది సెలీనా. "కిందికి చూడు."

కింద, నల్ల గౌను మీద, రెండు చేతులు. గోళ్ళు, ముడతలు, వెండి మందు మరకలు, అన్నీ చెక్కినట్టున్నాయి. ఏ చెయ్యీ కదల్లేదు.